వేగువాడు చెప్పే యుద్ధాన్ని తెర మీద ఎట్లా చూపాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: సార్, నమస్కారం. మాది ఉరవకొండ దగ్గర ఒక పల్లె. మా తాత 'రామరాజు చరిత్ర' నాటకం ఆడించేవాడు. ఆయన చేతిరాత ప్రతి మా ఇంట్లో ఉంది, పక్కన ఎర్ర సిరాతో రాగాల పేర్లు కూడా ఉన్నాయి. దాన్ని సినిమాగా తీయాలని నా కోరిక. బెంగుళూరులో ఉద్యోగాలు చేసే మా చిన్నాయన కొడుకులు, వాళ్ల స్నేహితులు కలిసి ముప్పై లక్షల దాకా పెడతామంటున్నారు. ఒకడేమో గ్రాఫిక్స్‌లో లక్ష మంది సైన్యాన్ని చూపిద్దామంటాడు. ఇంకొకడు పద్యాలన్నీ తీసేద్దామంటాడు. తాత ప్రతిలో చూస్తే అసలు యుద్ధమే లేదు. తళ్లికోట యుద్ధమంతా ఒక వేగువాడు పరుగెత్తుకొచ్చి చెబుతాడు, అంతే. యుద్ధం కనబడని యుద్ధ నాటకాన్ని సినిమాగా ఎట్లా తీయాలి? (ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా)

జవాబు: ముందు ఆ ప్రతిని స్కాన్ చేయించండి. అట్ట లోపలి రాతలు, ఎర్ర సిరా గుర్తులు, ఏ ఊళ్లో ఎవరు ఏ వేషం కట్టారో రాసుకున్న చీటీలు ఉంటే అవి కూడా వదలొద్దు. సినిమా పని మొదలైతే ఆ పుస్తకం పది చేతులు మారుతుంది. పాత కాగితం అంత తట్టుకోలేదు.

నేను గుత్తిలో పుట్టి పెరిగాను. మా నాయన హార్మోనిస్టు. పామిడి, తాడిపత్రి, పత్తికొండ, ఆలూరు వైపు ఎక్కడ నాటకం ఉన్నా ఆయన పెట్టె మోసుకుంటూ వెంట పోయేవాణ్ని. తర్వాత మద్రాసులో ఎడిటింగ్ రూములో చేరాను, ఉద్యోగమంతా అక్కడా హైదరాబాదులోనూ ఫిల్ము కత్తిరించడంతోనే గడిచింది. స్టేజీనీ తెరనీ దగ్గర నుంచి చూసినవాడిగా ఒక మాట చెబుతాను. మీ తాత ప్రతిలో యుద్ధం లేకపోవడం లోపం కాదు. మీ చేతిలో ఉన్న పెద్ద బలం అదే.

ఈ నాటకం రాసిన కోలాచలం శ్రీనివాసరావు గారు (1854–1919) బళ్ళారిలో ప్లీడరు. సుమనోరమ సభ ఆయన పెట్టిన నాటక సమాజం. పురాణ కథలే ఎక్కువగా ఆడే రోజుల్లో ఆయన విజయనగర చరిత్రను, దక్కను సుల్తానుల చేతిలో ఆ రాజ్యం ఓడిన తళ్లికోట కథను తెచ్చి స్టేజీ ఎక్కించాడు. ఇందులో పఠాన్ రుస్తుం వేషంతో బళ్ళారి రాఘవ గారికి ఎంత పేరొచ్చిందో మన జిల్లాల పాతతరానికి తెలుసు. రాఘవ గారు పుట్టింది మన తాడిపత్రిలోనే. మీరు తీయబోయేది పరాయి కథ కాదు, ఈ నేల మీద నలిగిన కథ. తళ్లికోట తర్వాత రాజధాని వచ్చి చేరింది మన పెనుకొండకే కదా.

స్టేజీ మీద ఇరవై మంది నిలబడితే కాలు కదపడానికి చోటుండదు. అందుకని నాటకం రాసేవాళ్లు యుద్ధాన్ని తెర వెనకకు పంపి, యుద్ధ వార్తను తెర ముందుకు తెస్తారు. ఇది మన దగ్గరే కాదు. షేక్‌స్పియర్ 'ఐదవ హెన్రీ' నాటకం 1599 ప్రాంతంలోది. అందులో కోరస్ అనే పాత్ర ముందుకొచ్చి, ఈ చిన్న కొయ్య వేదిక మీద ఫ్రాన్సు మైదానాలు ఎక్కడ పడతాయి, మేం గుర్రాలని అన్నప్పుడు మీరే గుర్రాలను ఊహించుకోండి అని జనాన్ని బతిమాలుతుంది. అందులోని యుద్ధం 1415 అక్టోబర్ 25న ఫ్రాన్సులో అజిన్‌కోర్ట్ దగ్గర జరిగింది, అక్కడ ఇంగ్లీషువాళ్లను గెలిపించింది ముఖ్యంగా విలుకాళ్లు. నాటకంలో వాళ్ల ప్రతాపాన్ని చూపే రంగమే లేదు. అక్కడ మనకు కనబడేవి యుద్ధానికి ముందు రాత్రి సిపాయిల భయం, రాజు మారువేషంలో వాళ్ల మధ్య తిరగడం, తెల్లవారాక అతను ఇచ్చే ప్రసంగం.

ఇంగ్లీషు నటుడు, దర్శకుడు లారెన్స్ ఒలీవియర్ 1944లో దీన్ని సినిమాగా తీసిన పద్ధతి మీరు తప్పక చూడాలి. మొదట లండన్ గ్లోబ్ థియేటర్‌లో నాటకం జరుగుతున్నట్టే చూపిస్తాడు. ప్రేక్షకుల అల్లరి, వేషగాళ్ల గది అన్నీ కనబడతాయి. తర్వాత మెల్లగా రంగులు పూసిన పరదాల లాంటి సెట్లలోకి తీసుకుపోతాడు. యుద్ధం దగ్గరకు వచ్చేసరికి ఐర్లండ్‌లో తీసిన నిజమైన పచ్చిక మైదానం, నిజమైన గుర్రాలు. ప్రేక్షకుడి కన్నును ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ పోయాడు కాబట్టి, మైదానంలో కూడా ఆ ఛందస్సు మాటలు ఎబ్బెట్టుగా వినబడవు. మీరూ ఉరవకొండ పల్లెలో రాత్రి నాటకంతోనే సినిమా మొదలుపెట్టొచ్చు. పెట్రోమాక్స్ లైట్లు, హార్మోనియం శ్రుతి, తాత ప్రతి చేతిలో పట్టుకుని పక్క తెర వెనక నిలబడి మాట అందించే మనిషి. అక్కడి నుంచి పరదా మీది హంపీ బొమ్మలోకి, ఆ తర్వాత బయటికి పోవచ్చు. పద్యం ఎందుకు పాడుతున్నారని ఎవరూ అడగరు. నాటకం చూస్తున్నామని వాళ్లకు ముందే తెలుసు కదా.

ఇక మీ తమ్ముడి లక్ష మంది సైన్యం సంగతి. ముప్పై లక్షల్లో గ్రాఫిక్స్ సైన్యం చేస్తే అది గ్రాఫిక్స్ అని చిన్నపిల్లవాడు కూడా చెప్పేస్తాడు. డబ్బు ఉన్నా సరే, నేను వద్దనే అంటాను. అమెరికా దర్శకుడు ఆర్సన్ వెల్స్ 1965లో 'చైమ్స్ ఎట్ మిడ్‌నైట్' తీసినప్పుడు ఆయన దగ్గర డబ్బు లేదు, మనుషులూ కొద్దిమందే. ఇంగ్లండ్ చరిత్రలోని ష్రూస్‌బరీ యుద్ధాన్ని బురదలో, దగ్గర షాట్లలో, చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి తీశాడు. ఎవరు ఎవరిని పొడుస్తున్నారో తెలియదు, అసలు యుద్ధంలో ఉన్నవాళ్లకూ అది తెలియదు. జపాన్ దర్శకుడు కురొసావా 1985లో 'రాన్' తీశాడు, షేక్‌స్పియర్ 'లియర్ రాజు' కథ ఆధారంగా. డబ్బు బాగా ఉన్న సినిమా అది. అయినా కోట ముట్టడిలో ఆయన ఏం చేశాడు? అరుపులు, కత్తుల చప్పుడు అన్నీ తీసేసి సంగీత దర్శకుడు తకెమిత్సు కట్టిన సంగీతం ఒక్కటే ఉంచాడు. మనుషులు మూగగా చస్తుంటారు. చాలాసేపటికి ఒక తుపాకీ పేలుతుంది, అప్పుడు లోకంలోని శబ్దమంతా ఒక్కసారి తిరిగొస్తుంది. ఎడిటింగ్ పని చేసేవాళ్లు ఆ చోటును మళ్లీ మళ్లీ వేసుకుని చూడాలి.

ఇప్పుడు మీ వేగువాడి దగ్గరకు వద్దాం. నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది.

పద్యనాటకంలో ఒకరు సీస పద్యం ఎత్తుకుంటే మిగతా వేషగాళ్లు ఏం చేస్తారు? ఏమీ చేయరు. ఒకాయన కిరీటం సర్దుకుంటాడు, ఇంకొకాయన హార్మోనిస్టు వైపు చూస్తాడు. జనం కళ్లు, చెవులు పాడేవాడి మీదే ఉంటాయి కాబట్టి అది చెల్లిపోతుంది. కెమెరా ముందు చెల్లదు. తెర మీద పద్యం పాడేవాడి ముఖాన్ని కొంతసేపు చూశాక కన్ను వినేవాడి కోసం వెతుకుతుంది. మీ తాత ప్రతిలో పాడేవాడి మాట ప్రతి అక్షరం ఉంటుంది. వినేవాళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ ఖాళీని మీరు రాయాలి. ఈ నాటకానికి స్క్రీన్‌ప్లే రాయడమంటే ముఖ్యంగా ఈ పనే.

వేగువాడు వచ్చి చెబుతున్నప్పుడు సభలో ఎవరున్నారు? చరిత్ర మీకు మంచి మనుషులను ఇచ్చింది. సదాశివరాయలు పేరుకు చక్రవర్తి, అధికారమంతా అళియ రామరాయలది, మీ నాటకంలోని రామరాజు ఆయనే. చక్రవర్తి దాదాపు బందీగానే బతికాడు. రామరాయలు చచ్చిపోయాడన్న వార్త అతని చెవిన పడినప్పుడు ఆ ముఖంలో ఏముంటుంది? విడుదల అనుకుంటాడా, సర్వనాశనం అనుకుంటాడా? రెండూ ఒకేసారి వస్తాయి. అంత పెద్ద నటనకు అవకాశం ఏ కత్తియుద్ధంలోనూ లేదు. రామరాయల తమ్ముడు వేంకటాద్రి యుద్ధంలో పోయాడు. ఇంకో తమ్ముడు తిరుమల బయటపడి, ఖజానాను ఏనుగుల మీద ఎక్కించుకుని, సదాశివరాయలను వెంటబెట్టుకుని పెనుకొండకు వచ్చాడు. వార్త వింటూనే అంతఃపురం ఆడవాళ్లలో ఒకామె లేచి మూటలు కట్టడం మొదలుపెడితే చాలు, ఊరు ఖాళీ అవుతోందని చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

కాబట్టి వేగువాడి మొదటి రెండు వాక్యాల వరకే కెమెరా వాడి మీద ఉండనివ్వండి. దుమ్ము కొట్టుకున్న కాళ్లు, ఆయాసం చూపండి చాలు. తర్వాత గొంతు వాడిది, ముఖాలు మిగతావాళ్లవి. మధ్యలో యుద్ధం తళుక్కుమని కనబడాలంటే కనబడనివ్వండి. కానీ అది వాడు చూసినంతే కావాలి, పైనుంచి డ్రోన్ చూసినట్టు కాదు. ఒక సామాన్య సిపాయి కళ్లకు తళ్లికోట యుద్ధం జరిగిన 1565 జనవరి 23న ఏం కనబడి ఉంటుంది?

దీనికి పారశీ చరిత్రకారుడు ఫెరిష్టా రాసిన చరిత్రలో మీకు పనికొచ్చే వివరాలు ఉన్నాయి. సుల్తానుల సైన్యాలు కృష్ణ దాటాల్సిన రేవును విజయనగరం వాళ్లు కాపలా కాశారు. సుల్తానులు ఇంకో చోట దాటుతున్నట్టు నది వెంబడే నడిచి, కాపలా సైన్యాన్ని అటు లాగి, గబుక్కున వెనక్కి తిరిగొచ్చి మొదటి రేవులోనే దాటేశారు. రామరాయలు ముసలివాడు. గుర్రమెక్కమని చెప్పినా వినకుండా పల్లకీలోనే యుద్ధభూమికి వచ్చాడు. ఒక దశలో దిగి, ధనం రాశులు పోయించి, బాగా పోరాడినవాళ్లకు పంచాడట. అహ్మద్‌నగర్ సుల్తాను హుస్సేన్ నిజాం షా ఫిరంగుల్లో రాగి నాణేలు కూరి దగ్గరి నుంచి పేల్చారు. మదమెత్తిన ఏనుగు ఒకటి మీదికి వస్తే బోయీలు పల్లకీని వదిలేసి పారిపోయారు. రామరాయలు పట్టుబడ్డాడు, తల నరికారు.

ఒక పక్క సిపాయిలకు పంచే ధనం, ఇంకో పక్క మనుషులను చంపే రాగి నాణెం. పల్లకీ, ఏనుగు, నాణేలు, ఈ మూడింటితో యుద్ధమంతా చెప్పేయొచ్చు. నల్లరేగడిలో చెల్లాచెదురుగా పడిన రాగి నాణేలు, కింద పడిన పల్లకీ కొయ్య మీదుగా పరుగెత్తే కాళ్లు. దానికి ఇరవై మంది, నాలుగు గుర్రాలు సరిపోతాయి. ఏనుగును చూపొద్దు. నేల అదిరే శబ్దం, పల్లకీ మీద పడే నీడ చాలు. మీ విడపనకల్లు, ఉరవకొండ వైపు జనవరి, ఫిబ్రవరిలో శనగ కోత అయిపోయాక రేగడి చేలు బోసిగా ఉంటాయి. నెల కూడా యుద్ధం జరిగిన నెలే. రైతుల అనుమతి తీసుకుని అక్కడే తీయండి. నది రేవు కావాలంటే మంత్రాలయం దగ్గర తుంగభద్రలో నీళ్లు పలచబడే రోజులు చూసుకోండి.

పద్యాలు తీసేయాలన్న ఇంకో తమ్ముడికి నా మాటగా చెప్పండి. పద్యం తీసేస్తే మీ దగ్గర మిగిలేది బడ్జెట్ లేని చారిత్రక సినిమా. పద్యం ఉంటేనే అది మీ తాత నాటకం. కాకపోతే అన్నీ ఉంచలేం. రాత్రంతా ఆడిన నాటకాన్ని రెండు గంటల్లోకి తేవాలి. కథను నడిపే మాటలు వచనంలోకి మార్చండి. మనిషి లోపల ఏదో తెగిపోయే చోట మాత్రమే పద్యం ఉంచండి. ఆలాపన ఒక్క మూర్ఛనకు మించొద్దు. అదీ పద్యం చివర కాదు, ముందు. చివర ఆలాపన వస్తే స్టేజీ మీద చప్పట్ల కోసం ఆగినట్టు ఉంటుంది, హాల్లో చప్పట్లు రావు. కట్ చేయాల్సి వస్తే పాదం చివర కట్ చేయకండి, అన్ని పాదాలకూ అట్లాగే చేస్తే లెక్కపెట్టినట్టు తెలిసిపోతుంది. అర్థం మలుపు తిరిగే మాట దగ్గర చేయండి. సీస పాదం రెండు సగాలుగా నడుస్తుంది కాబట్టి ఆ మధ్య విరుపు మీకు చాలాచోట్ల దొరుకుతుంది.

ఇంకొకటి. గొంతు పైస్థాయికి పోయినప్పుడు క్లోజప్ వేయాలని కెమెరామెన్‌కు అనిపిస్తుంది. మెడ నరాలు, తెరిచిన నోరు తప్ప ఏమీ కనబడదు. ఒలీవియర్ తన సినిమాలో దీనికి ఎదురు పని చేశాడు. ప్రసంగం మొదట్లో కెమెరాను దగ్గర పెట్టి, గొంతు పెరిగేకొద్దీ వెనక్కి, పైకి లాగాడు. స్వరం మైదానమంతా నిండుతుంటే మనిషి చిన్నవాడవుతాడు, చుట్టూ ఉన్న సైన్యం కనబడుతుంది. మన పద్యానికి ఇంతకంటే సరిపోయే పద్ధతి నాకు తెలియదు. పద్యాన్ని స్టూడియోలో ముందు రికార్డు చేసి పెదవులాడించొద్దు. నటుడి చెవిలో చిన్న ఇయర్‌ఫోన్‌తో శ్రుతి వినిపించి, అక్కడికక్కడే పాడించి రికార్డు చేయండి. ఆయాసం, ఊపిరి, అన్నీ రావాలి.

మీ ఉత్తరంలో లేకపోయినా ఒక విషయం చెప్పకుండా ఉండలేను. తళ్లికోటను హిందువులకు, ముసల్మానులకు మధ్య యుద్ధంగా తీస్తే జనం ఎగబడి చూస్తారని మీకు ఎవరైనా చెబుతారు. వినకండి. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సుల్తాను కాకముందు ప్రాణభయంతో పారిపోయి ఏడేళ్లు విజయనగరంలో రామరాయల అండన బతికాడు. తెలుగు కవులు అతన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అతనికే అంకితమిచ్చాడు. అన్నం పెట్టిన ఇంటి మీదికి 1565లో అతను సైన్యంతో వచ్చాడు. బీజాపూర్ అలీ ఆదిల్ షా కూడా ఒకప్పుడు రామరాయల సాయం కోరి విజయనగరానికి అతిథిగా వచ్చినవాడే. రామరాయల సైన్యంలో ముసల్మాను సేనానులు ఉన్నారు. సుల్తానుల మధ్య తగాదాలు పెట్టి ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం రామరాయలు చాలా ఏళ్లు చేసిన రాజకీయం. ఇంత బంధం, ఇంత కక్ష ఉన్న కథను రెండు జెండాల మధ్య గొడవగా కుదించొద్దు. పఠాన్ వేషానికి మన ఊళ్లలో జనం నీరాజనం పట్టింది కూడా మరిచిపోవద్దు. నది అవతల డేరాలో ఇబ్రహీం కూర్చుని, ఇవతలి నుంచి గాలిలో వచ్చే తెలుగు పద్యాన్ని వింటున్నట్టు ఒక షాట్ నా కళ్లముందు ఉంది. అది నా ఊహే, మీకు నచ్చితే తీసుకోండి.

హక్కుల మాట: మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. కోలాచలం వారు 1919లో పోయారు కాబట్టి మూల నాటకం అందరిదీ. అయితే ట్రూపు ప్రతుల్లో తర్వాతి కవులు రాసిన పద్యాలు దూరుతుంటాయి. అచ్చు ప్రతి ఒకటి సంపాదించి తాత ప్రతితో పక్కపక్కన పెట్టి చూడండి. తాత ప్రతిలో అదనంగా కనబడిన పద్యాలు ఎవరివో తెలుసుకుని, వాళ్లు లేకపోతే వారసులను అడిగి కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. మా ఇంగ్లీషు స్టూడెంట్లు ఒక యుద్ధ నాటకాన్ని ఫోన్ కెమెరాలతో షార్ట్ ఫిల్మ్ చేస్తామంటున్నారు. మా దగ్గర ఒక క్లాస్‌రూము, కొన్ని బెంచీలు తప్ప ఏమీ లేవు. ఏ నాటకం తీసుకోమంటారు? (ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు)

జవాబు: ఒక్క గది మీకు అడ్డం కాదమ్మా. ఆర్.సి. షెరిఫ్ రాసిన 'జర్నీస్ ఎండ్' 1928లో మొదటిసారి ఆడారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 మార్చిలో, జర్మన్ల పెద్ద దాడికి ముందు రోజులు. నాటకమంతా నేల కింద తవ్విన ఒక ఆఫీసర్ల గదిలోనే జరుగుతుంది. ముఖ్యమైన దాడి బయట జరుగుతుంది, మనం గదిలోనే ఉండిపోతాం. తిరిగొచ్చినవాళ్లను చూసి రానివాళ్లు ఎవరో తెలుసుకుంటాం. ఈ నాటకం చాలాసార్లు సినిమాగా వచ్చింది, 1930లో ఒకసారి, 2017లో ఒకసారి. పిల్లలకు ఆ రెండూ చూపించి, కెమెరా ఎక్కడెక్కడ గది దాటి బయటికి పోయిందో రాసుకోమనండి. పోయిన ప్రతిచోటా లాభమా నష్టమా అని వాళ్లతో వాదించండి. అంతకంటే మంచి పాఠం లేదు.

కానీ షెరిఫ్ 1975లో పోయారు. అంటే మన దేశంలో హక్కులు 2035 చివరిదాకా ఉంటాయి. కాలేజీలో స్టూడెంట్లు, లెక్చరర్లు, తల్లిదండ్రుల ముందు ఆడుకోవడం వేరు, దాన్ని ఫిల్ము చేసి యూట్యూబ్‌లో పెట్టడం వేరు. రెండోదానికి అనుమతి కావాలి. అందువల్ల 'ఐదవ హెన్రీ'లో యుద్ధానికి ముందు రాత్రి రంగం ఒక్కటి తీసుకోండి. చీకట్లో ముగ్గురు సిపాయిలు మాట్లాడుకుంటుంటారు, వాళ్లలో విలియమ్స్ అనేవాడు మారువేషంలో ఉన్న రాజును రాజని తెలియక నిలదీస్తాడు. ఈ యుద్ధం న్యాయమైంది కాకపోతే తెగిపడిన కాళ్లూ చేతులూ తలలూ చివరి రోజున రాజును లెక్క అడుగుతాయి అంటాడు. రాజు చాలాసేపు జవాబు చెబుతాడు, అయినా మనకు విలియమ్స్ మాటే గుర్తుంటుంది. ఒక కిరోసిన్ లాంతరు, నలుగురు పిల్లలు చాలు. తెలుగులోకి మార్చుకుంటే మాత్రం మన కడప పిల్లలు రోజూ మాట్లాడే తెలుగులోనే మార్చుకోమనండి. సిపాయిలు పుస్తకం భాష మాట్లాడరు. వేదం వేంకటరాయశాస్త్రి గారు 'ప్రతాపరుద్రీయం'లో ఏ పాత్రకు ఆ పాత్ర భాష పెట్టి వందేళ్ల కిందటే దారి చూపించారు.

ప్రశ్న: గండికోటలో ఒక చారిత్రక యుద్ధ సన్నివేశం తీయాలి. గుర్రాలు, డ్రోన్ వాడతాం. ఏ అనుమతులు కావాలి? (జమ్మలమడుగు)

జవాబు: గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. సినిమా షూటింగ్‌కు ఆ శాఖ లైసెన్సు ముందే తీసుకోవాలి. స్క్రిప్టులో అక్కడ తీసే భాగం, ఏ రోజులు, ఎంతమంది, ఏ సామాను అన్నీ రాసి ఇవ్వాలి. డ్రోన్‌కు విడిగా అడగాలి. గుర్రాల కోసం జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందే కావాలి. అది లేకపోతే తర్వాత సెన్సార్ దగ్గర ఆగిపోతారు. గోడలకు మేకులు కొట్టడం, పొగ బాంబులు, మంటలు అసలు తలపెట్టొద్దు. మంటల సీను ఉంటే పెన్న లోయ అంచు మీద కోటను ఒక షాట్‌లో చూపించి, మంట భాగం వేరే పొలంలో సెట్టు వేసి తీసుకోండి. కట్ సరిగ్గా చేస్తే ఎవరికీ తేడా తెలియదు.

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా 'కురుక్షేత్రం' నాటకంలో దుర్యోధనుడి వేషం కడుతున్నాను. ఒక చారిత్రక సినిమాలో సేనాపతి వేషానికి పిలిచారు. స్టేజీ ఆర్టిస్టులు కెమెరా ముందు అతి చేస్తారని అక్కడి కుర్రవాళ్లు అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. పోవాలా వద్దా? (కర్నూలు)

జవాబు: తప్పకుండా పోండి అన్నా. బళ్ళారి రాఘవ గారు స్టేజీ మీదే సహజంగా నటించాలని, పద్యాల హోరు తగ్గాలని పోరాడిన మనిషి. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం' సినిమాలో మీలాగే దుర్యోధనుడి వేషం వేశారు, తర్వాత 'రైతుబిడ్డ' (1939), 'చండిక' (1940) చేశారు. స్టేజీ నుంచి వచ్చినవాడు తెరకు పనికిరాడనే మాట అప్పుడే తేలిపోయింది.

మీకు ముప్పై ఏళ్లుగా ఉన్న అలవాటు చివరి వరుసలో కూర్చున్నవాడికి చేరాలన్నది. ఇక్కడ ఆ చివరి వరుస మీ ముఖానికి మూడడుగుల దూరంలో ఉంటుంది. షాట్‌కు ముందు ఏ లెన్సు పెట్టారు, ఫ్రేము ఎక్కడిదాకా ఉంది అని కెమెరామెన్‌ను అడగండి. నడుము దాకా అంటే చేతులు వాడుకోవచ్చు, ముఖం వరకే అంటే కనుబొమ్మలు కూడా తగ్గించాలి. అడిగితే చిన్నతనం కాదు, మంచి కెమెరామెన్ సంతోషిస్తాడు. రిహార్సల్ మామూలుగా మీ పద్ధతిలోనే నిండుగా చేయండి. టేక్‌లో అదే బలాన్ని లోపల పెట్టుకుని గొంతు సగం చేయండి. బలం తగ్గించకండి, తగ్గిస్తే కళ్లు చచ్చిపోతాయి. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు మీ వంతు కోసం ఎదురుచూడొద్దు, వాడి మాట నిజంగా వినండి. ఎడిటర్ మీ షాట్లు ఎక్కువగా అక్కడి నుంచే తీసుకుంటాడు. మొదటి రోజు మానిటర్‌లో ఒకసారి చూసుకుని, రెండో రోజు నుంచి చూసుకోవడం మానేయండి. వేషానికి మీసం అతికిస్తారు కదా, ఆ గమ్ము మీ చర్మానికి పడుతుందో లేదో ముందు రోజే చెవి వెనక రాసి చూసుకోండి.